అబ్బా ఛురీ, అరవై అయిదో నంబరు రోడ్డు

మీ ఇంట్లో కత్తులు ఎన్ని ఉన్నాయో ఎప్పుడైనా లెక్క పెట్టారా? నేను పెట్టాను. కంకిపాడులో మాది రెండు గదుల పెంకుటిల్లు. అంత చిన్న ఇంట్లో మొత్తం పది తేలాయి. కూరల కత్తిపీట ఒకటి, అమ్మీ నిఖా అప్పుడు పుట్టింటి నుంచి తెచ్చుకున్నది. చేపలకి వేరే కత్తిపీట. చాకులు మూడు. పెరట్లో కొబ్బరి మట్టలు కొట్టే కత్తి. ఎవరి చేలోంచి ఎప్పుడు వచ్చి చేరిందో తెలియని కొడవలి. అటక మీద పాత తువ్వాలులో చుట్టిన అబ్బా సామాను: ఛురీలు రెండు, ఎముకలు కొట్టే బుగ్దా ఒకటి.

లెక్కపెట్టి ఊరుకోలేదు, కుట్టుమిషను మీదున్న టేపు తెచ్చి కొలిచాను. అమ్మీ మంచం మీంచి చూసి, “కత్తులకి కుర్తా కుడతావా ఏమే?” అంది. తొమ్మిది అంగుళాల పొడవు దాటినవి నాలుగు ఉన్నాయి. బుగ్దా పొడవు తక్కువే గానీ వెడల్పు రెండు అంగుళాలకి పైనే. ఈ తొమ్మిది, రెండు అనే అంకెలు నేను పుట్టించినవి కావు. సర్కారు వారి ఆయుధాల నియమాల్లో ఉన్నాయి. వాటి దగ్గరికి వస్తాను. ముందు కొలవాల్సిన జరూరత్ ఎందుకొచ్చిందో చెప్పాలి.

2025లో బక్రీద్ జూన్ 7, శనివారం. మా అబ్బా ఇంతకాల్ అయ్యాక వచ్చిన మొదటి బక్రీద్ అది. అబ్బా ఖసాయి. కంకిపాడులో చిన్న మటన్ దుకాణం నడిపి నలుగురు పిల్లల్ని పెంచిన మనిషి. పోయే ముందు ఆస్తి గురించి ఒక్క మాట మాట్లాడలేదు, ఉంటే కదా మాట్లాడటానికి. ఒక్కటే చెప్పాడు, “పెద్ద ఛురీ మీ తమ్ముడికి ఇవ్వు. వాడి చేత్తో ఖుర్బానీ జరగాలి.” తమ్ముడు హైదరాబాదులో, మలక్‌పేటలో ఉంటాడు. ప్రైవేటు కంపెనీలో నౌకరీ. పండక్కి ఒక్కరోజే సెలవు, వచ్చి పట్టుకెళ్ళే వీలు లేదు. వాడి కొడుకు మాత్రం సెమిస్టరు సెలవులకి మా దగ్గరికి వచ్చి ఉన్నాడు. ఎలాగూ పండక్కి వెళ్తాడు గదా, వాడితో పంపిద్దామని అమ్మీ, నేను అనుకున్నాం.

తువ్వాలు విప్పి చూపించగానే పిల్లవాడి మొహం తెల్లబోయింది. “నక్కో ఫుప్పూ. నేను తీసుకుపోను.”

ఎందుకురా అంటే, “బస్సులో చెకింగ్ అయితే? బ్యాగులో ఇంత కత్తి, ఆధార్ కార్డు మీద నా పేరు, మొహం మీద ఈ గడ్డం. ఎవరు నమ్ముతారు బక్రీద్‌కి అని? పైగా రాష్ట్రం దాటాలి. అక్కడి రూల్సు వేరే ఉంటాయి” అన్నాడు.

వాడి దాదీకి కోపం వచ్చింది. “మీ దాదా యాభై ఏళ్ళు ఇదే ఛురీ సైకిలు వెనక కట్టుకుని ఊళ్ళన్నీ తిరిగాడు. ఒక్కడు ఆపి అడిగాడా?” అని లేచింది. అది నిజం. ఈడుపుగల్లు, పునాదిపాడు, తెన్నేరు, ఎక్కడ పెళ్ళి భోజనాలున్నా, ఎవరింట్లో మొక్కు తీర్చుకుంటున్నా అబ్బాకి కబురొచ్చేది. కమ్మవారి ఇళ్ళలో, యాదవుల ఇళ్ళలో కూడా, “సాయిబు గారు వచ్చి బిస్మిల్లా చెప్పాకే కోద్దాం” అనేవాళ్ళు, తినే చుట్టాల్లో ముస్లిములు ఉన్నా లేకపోయినా. సైకిలు క్యారేజీ మీద గోనెపట్టాలో చుట్టిన సామాను ఏమిటో దారిలో ప్రతివాడికీ తెలుసు. పోలీసు స్టేషను ముందు నుంచే వెళ్ళేవాడు, జమాదారు గారు సలాం కొడితే దిగి మాట్లాడి మరీ. ఆయన ఇంటికీ మటన్ అబ్బాయే పంపేవాడు లెండి.

పిల్లవాడు దాదీకి ఎదురు చెప్పలేదు. తలొంచుకుని, “వో జమానా అలగ్ థా దాదీ” అన్నాడు, అంతే. తర్వాత నాతో ఒక్కడితో కూర్చున్నప్పుడు చెప్పాడు. ఒక రాత్రి దోస్తులు నలుగురు బండ్ల మీద వస్తుంటే ఎక్కడో ఆపారట. నలుగురి పేర్లూ అడిగి, వీడి ఒక్కడి బ్యాగే రోడ్డు మీద కుమ్మరించారట. అందులో ఉన్నది లాప్‌టాప్, టిఫిను డబ్బా. డబ్బాలో చెంచా చూసి “ఇదేంటి” అని అడిగితే మిగతా ముగ్గురూ నవ్వారట. వీడూ నవ్వాడట. “నవ్వాను గానీ ఫుప్పూ…” అని ఆపేశాడు.

ఇక నేను వాడిని బుజ్దిల్ అనలేకపోయాను.

నేను బెజవాడలో ఒక వకీలు గారి ఆఫీసులో టైపిస్టుని. ఇరవై రెండేళ్ళుగా పిటిషన్లు కొడుతూ కొడుతూ చట్టాల నంబర్లు వేళ్ళకి తెలిశాయి గానీ, లోపల ఏముందో చదివే తీరిక ఎప్పుడూ లేదు. ఈసారి మర్నాడు లంచ్ టైములో వకీలు గారి ఇజాజత్ తీసుకుని ఆయుధాల చట్టం పుస్తకం అలమారాలోంచి దించాను. చదివింది ఇక్కడ రాయాలనే ఈ వ్యాసం. ఎందుకంటే మన ఇళ్ళలో ప్రతి బక్రీద్‌కీ ఛురీలు ఊరి నుంచి ఊరికి పోతుంటాయి, పిల్లలు భయపడుతుంటారు, పెద్దవాళ్ళు “ఏం కాదు పో” అంటుంటారు. ఇద్దరికీ కాగితం మీద ఏముందో తెలియదు.

మనకిప్పుడున్నది 1959 నాటి ఆయుధాల చట్టం. దానికి ముందు అంగ్రేజీ వాళ్ళు 1878లో చేసినది ఉండేది. 1857 గదర్ చూసి బెదిరిపోయిన హుకూమత్ చేసిన ఖానూన్ అది. లైసెన్సు లేకుండా ఆయుధం పట్టుకుని తిరగకూడదు, యూరోపియన్లకి మాత్రం మాఫీ. ఆ అవమానం మన వాళ్ళని ఎంత కుదిపిందంటే, 1931లో కరాచీ కాంగ్రెస్ ప్రాథమిక హక్కుల తీర్మానంలో నియమాలకు లోబడి ఆయుధం ఉంచుకునే హక్కు కూడా చేర్చారు. తర్వాత రాజ్యాంగంలోకి అది రాలేదు. రాకపోవడమే మేలు అని నా ఖయాల్.

1959 చట్టంలో ఆయుధం అంటే ఏమిటో మొదట్లోనే, రెండో సెక్షన్లోనే చెప్పారు. దాడికో ఆత్మరక్షణకో తయారుచేసిన వస్తువు ఆయుధం, అందులో పదునైన అంచున్నవీ వస్తాయి. ఆ వెంటనే ఒక మినహాయింపు ఉంది. కేవలం ఇంటి పనికీ, వ్యవసాయానికీ తయారైనవి ఇందులోకి రావు. ఆ వాక్యం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. మా కత్తిపీట, కొడవలి, కొబ్బరి కత్తి ఒక్క వాక్యంతో బయటపడ్డాయి. ఉయ్యూరు చక్కెర ఫ్యాక్టరీకి చెరకు కొట్టే కూలీల కత్తులూ బయటపడ్డాయి. లేకపోతే ఈ డెల్టాలో జైలు బయట ఎవరు మిగులుతారు?

ఇక ఆ తొమ్మిది, రెండు అంకెలు. చట్టం కింద చేసిన నియమాలున్నాయి, ముందు 1962లోవి, ఇప్పుడు 2016లోవి. వాటిలో ఆయుధాలను తరగతులుగా విడగొట్టారు. తుపాకులు కానివన్నీ అయిదో తరగతి. తల్వార్లు, గుప్తీలు, బాకులు, బరిసెలు, యుద్ధపు గొడ్డళ్ళు, కిర్పాన్లు, ఖుక్రీలు ఇవన్నీ అక్కడ ఉన్నాయి. కత్తుల విషయానికొస్తే అలుగు తొమ్మిది అంగుళాల కంటే పొడవో, రెండు అంగుళాల కంటే వెడల్పో ఉన్నవి. మళ్ళీ అక్కడా అదే మినహాయింపు. ఇంటికీ, పొలానికీ, సైన్సు పనికీ, పరిశ్రమకీ తయారైనవి కాకుండా అని.

అబ్బా పెద్ద ఛురీ అలుగు పదిన్నర అంగుళాలు. అయితే ఏమిటి? అది మాంసం కోయడానికి కమ్మరి కొట్టిన కత్తి. దాని అలుగుకి ఒక పక్కే పదును, మొన దగ్గర కొద్దిగా పైకి తిరిగి ఉంటుంది, తోలు ఒలవడానికి. పిడి యాభై ఏళ్ళ చెయ్యి పట్టి నున్నబడి నల్లబడింది. గోష్ కోసే ఛురీని బాకు అని వాదించాలంటే ముందు ఆ వకీలు ఎప్పుడూ పాయా తిని ఉండకూడదు.

కత్తులకు సంబంధించి ఇంకో కిటుకు నాలుగో సెక్షన్లో ఉంది. తుపాకీకి దేశమంతా లైసెన్సు కావాల్సిందే. కత్తులకి అలా కాదు. ఫలానా ప్రాంతంలో ఫలానా రకం ఆయుధానికి లైసెన్సు తప్పనిసరి అని గెజెట్‌లో నోటిఫికేషన్ ఇస్తేనే అక్కడ ఆ నిబంధన నడుస్తుంది. దానికి ఢిల్లీ పెద్ద మిసాల్. అక్కడ 1980లో ఒక నోటిఫికేషన్ ఇచ్చారు. బటను నొక్కితే తెరుచుకునే కత్తులు, గరారీ కత్తులు, అలుగు 7.62 సెంటీమీటర్ల పొడవు, 1.72 సెంటీమీటర్ల వెడల్పు, ఆ పైన ఉన్నవి. ఇవాళ్టికీ ఢిల్లీ కోర్టుల్లో కత్తి కేసంటే స్కేలు పెట్టి ఈ కొలతలు చూస్తారు. అలాంటి చోట నోటిఫికేషన్‌ని మీరి కత్తి దగ్గర పెట్టుకుంటే ఏడాది నుంచి మూడేళ్ళ దాకా జైలు, జుర్మానా.

“పైగా రాష్ట్రం దాటాలి” అన్నాడు గదా మా వాడు. అందరిలో ఉన్న భయమే అది. నిజానికి మన రాజ్యాంగంలో ఆయుధాలు కేంద్ర జాబితాలోనివి. గరికపాడు చెక్‌పోస్టుకి ఇవతల ఉన్న చట్టమే అవతలా ఉంది. పాలేటి వంతెన దాటగానే కత్తి జాతి మారిపోదు. ఆయుధాల రవాణా మీద ఆంక్ష పెట్టే అధికారం పన్నెండో సెక్షన్లో ఉంది, అదీ కేంద్రానిదే. అమెరికాలో ఇలా కాదు. మా ఖాలా కూతురు డాలస్‌లో ఉంటుంది. అక్కడ ఒక్కో రాష్ట్రానికి ఒక్కో కత్తి చట్టం. టెక్సాస్‌లో 2017 సెప్టెంబరు నుంచి అయిదున్నర అంగుళాలు దాటిన కత్తి కూడా పెద్దవాళ్ళు పట్టుకుని తిరగొచ్చు, బళ్ళు, కోర్టుల్లాంటి కొన్ని చోట్లకి తప్ప. కారులో పక్క రాష్ట్రంలోకి పోతే లెక్క మారిపోవచ్చు. బటను కత్తుల్ని రాష్ట్రాల మధ్య అమ్మకానికి పంపకుండా అక్కడ 1958 నుంచే ఒక కేంద్ర చట్టం కూడా ఉంది. లండన్‌లో ఇంకా తంగీ. మూడు అంగుళాల లోపు మడత చాకు తప్ప, తగిన కారణం లేకుండా వీధిలో ఏ అలుగూ దగ్గర ఉండకూడదు. అక్కడ వంటింటి కత్తి కొనుక్కుని ఇంటికి తెచ్చుకోవడం తగిన కారణమే, సంచీలో వేసుకుని రెండ్రోజులు తిరగడం కాదు.

మాకు రెండు రాష్ట్రాలు 2014 జూన్ 2 నుంచే గదా. అంతకు ముందు ఆ వంతెన మీద ఎవరూ కళ్ళు తెరిచి కూడా చూసేవాళ్ళు కాదు.

పుస్తకంలో నన్ను భయపెట్టింది మాత్రం ఇరవయ్యో సెక్షన్. ఎవడైనా ఆయుధం పట్టుకెళ్తూ, పట్టుకెళ్ళే తీరు చూసో ఆ సందర్భం చూసో, చెడ్డ పనికి వాడతాడనే షక్ రావడానికి సరైన ఆధారం ఉంటే, వారంటు లేకుండా అరెస్టు చేయొచ్చు. లైసెన్సు ఉన్నా సరే. ఎవరు చేయొచ్చు? మేజిస్ట్రేటు, పోలీసు, ఏ ప్రభుత్వ ఉద్యోగి అయినా. రైలు, విమానం, ఓడ, బండి, ఇలా ఏ వాహనంలో పనిచేసే మనిషైనా. అంటే బస్సు కండక్టరు కూడా! ఇది వకీలు గారికి చూపిస్తే ఆయన నవ్వి, “మన కండక్టర్లకి చిల్లర ఇవ్వడానికే తీరిక లేదు, అరెస్టులు ఎక్కడ చేస్తారమ్మా” అన్నారు. తర్వాత నవ్వు ఆపి చెప్పారు. “అసలు సంగతి ఆ ‘తీరు’, ‘సందర్భం’ అనే మాటల్లో ఉంది. అడుగడుగునా కనిపించేలా, చేతికి అందేలా పెట్టుకుంటే ఒకటి. గుడ్డలో చుట్టి, అట్టపెట్టెలో కట్టి, అడుగున పెడితే ఇంకొకటి. ఎందుకు, ఎవరింటికి, ఎప్పుడు అని అడిగితే ఒక్క ముక్కలో నిజం చెప్పగలగాలి. అంతకు మించి ఏం లేదు.”

నియ్యత్ అన్న మాట ఆయన వాడలేదు గానీ నా చెవికి అలాగే వినపడింది. పైగా ఇది మనకి కొత్తా? బాణాలు పట్టుకుని మస్జిదులోంచో బజారులోంచో నడిచేవాడు మొనల్ని చేత్తో మూసి పట్టుకోవాలనీ, ఎవరికీ గీసుకోకుండా చూడాలనీ హుజూర్ (స) చెప్పిన హదీస్ బుఖారీ షరీఫ్‌లో ఉంది. ఛురీకి బాగా పదును పెట్టాలి, జానవర్‌కి తక్లీఫ్ తగ్గాలి అన్నదీ మనకి తెలిసిందే. దాని కళ్ళ ముందు మాత్రం నూరకూడదు. అబ్బా దుకాణంలో పదును పెట్టేటప్పుడు మేకలకి కనపడకుండా గోనెపట్టా తెర దించేవాడు. ఎవరికైనా ఛురీ అందిస్తే పిడి అవతలి మనిషి వైపే. మేం పిల్లలం ఆటకి ఛాకు తిప్పితే వీపు మీద దెబ్బ పడేది. ఆయన చదవనిదీ, చదవాల్సిన పని లేనిదీ ఆ ఇరవయ్యో సెక్షన్.

ఇక్కడ ఒక మాట కడుపులో దాచుకోకుండా చెప్పాలి. మన పిల్లలు అందరూ మా మేనల్లుడిలా భయపడేవాళ్ళే కాదు. కొందరు అసలు భయపడరు, అదీ నాకు ఫికరే. పుట్టినరోజు కేకు తల్వారుతో కోసి రీలు పెట్టేవాళ్ళు, హిందూ పిల్లలూ ఉన్నారు, మన పిల్లలూ ఉన్నారు. వీడియో చూసి పోలీసులు ఆయుధాల చట్టం కింద కేసు రాయడం రెండు రాష్ట్రాల్లోనూ పేపర్లో చదువుతూనే ఉన్నాం. కేకు కోయడం ఇంటి పనే గదా అని అక్కడ వాదించలేం, తల్వారు తయారైంది కేకు కోసం కాదు. హైదరాబాదులో బారాత్‌లో మర్ఫా వాయిస్తుంటే ఛురీలు, తల్వార్లు తిప్పుతూ నాచడం ఒక రివాజు. బార్కస్ అరబ్బుల నుంచి వచ్చిన ఆట, చూడ్డానికి బాగుంటుంది, కాదనను. కానీ నడివీధిలో వెయ్యి మంది మధ్య పదునైన ఇనుము తిప్పితే పోలీసులు పట్టుకోవడంలో తాస్సుబ్ ఏమీ లేదు. హైదరాబాదు నగరానికి నిజాం కాలం నుంచే పోలీసు చట్టం ఉంది, పేరే 1348 ఫస్లీ నాటి చట్టం. ఆ ఫస్లీ సంవత్సరం ఇవాళ్టికీ దాని పేరులో అలాగే నడుస్తోంది. జులూసులు, ఎన్నికలప్పుడు కమిషనర్లు కత్తులు, కర్రలు పట్టుకుని గుమిగూడొద్దని ఆదేశాలిస్తారు. పాత 144 సెక్షన్ 2024 జులై 1 నుంచి కొత్త నాగరిక్ సురక్షా సంహితలో 163 అయింది. అలాంటి ఆదేశం ఉన్న రోజు, ఉన్న చోట, వంటింటి కత్తి అయినా బయటకి తేకపోవడమే అఖల్ ఉన్న పని. ఊరెళ్ళే ముందు ఆరోజు పేపరు చూసుకోండి.

సిక్కులకి కిర్పాన్ రాజ్యాంగం ఇచ్చిన హక్కు, 25వ అధికరణ వివరణలోనే రాసి ఉంది. విమానంలో కూడా దేశంలోపల ప్రయాణాలకి ఆరంగుళాల అలుగు, మొత్తం తొమ్మిదంగుళాలు మించకుండా వాళ్ళు ధరించొచ్చు. కొడగు వాళ్ళకి తుపాకీ లైసెన్సు మాఫీ అంగ్రేజీ కాలం నుంచి ఉంది, ఈమధ్య 2029 దాకా పొడిగించారు. ఇవి చదివి మా వాడు, “మరి మనకేం లేదా ఫుప్పూ, ఖుర్బానీ ఛురీకి?” అన్నాడు. లేదు. అడగాల్సిన జరూరత్ కూడా నాకు కనపడలేదు. మాఫీ అడిగేది ఆయుధానికి. మనది కత్తిపీటకి చెల్లెలు. అది ఆయుధం కాదని చట్టమే చెప్తుంటే, దానికి మజ్హబీ రాయితీ అడిగి మనమే దాన్ని ఆయుధం చేసుకోవడమెందుకు? వాడికి నా జవాబు నచ్చలేదు. “కాగితం మీద కత్తిపీటకి చెల్లెలు ఫుప్పూ, నా బ్యాగులో ఉంటే కాదు” అన్నాడు. దానికి నా దగ్గర సెక్షన్ లేదు.

ఖరీఫ్ కోతలకి శ్రీకాకుళం, విజయనగరం నుంచి కూలీలు వచ్చే రోజులు నాకు బాగా గుర్తు. రైలు దిగి, కొడవళ్ళు సంచీల్లోంచి బయటికి కనపడుతుండగానే బందరు బస్సు ఎక్కేవాళ్ళు. ఎవరూ మొహం తిప్పి చూసేవాళ్ళు కాదు. కోత మిషన్లు వచ్చాక ఆ కొడవళ్ళు తగ్గాయి. ఒకే ఇనుము, ఒకే కొలిమి. సంచీ ఎవరి భుజాన ఉందో దాన్ని బట్టి చూసే కళ్ళు మారతాయి. వకీలు గారితో ఇదే అంటే ఆయన కళ్ళజోడు తుడుచుకుంటూ, “అది చట్టంలో లేదమ్మా” అన్నారు. లేదనే నేనూ అంటున్నాను.

చివరికి ఫైసలా అమ్మీ చేసింది. “పిల్లాడి మీద రుద్దొద్దు. నువ్వు పో.” నాకు యాభై నాలుగేళ్ళు, మోకాళ్ళ నొప్పులు. బురఖాలో ఉన్న ముసలి ఫుప్పూని ఎవరు ఆపుతారులే అన్నది ఆమె లెక్క. ఆ లెక్క నాకు అంత ఖుషీగా అనిపించలేదు, కానీ ఛురీ మీద అబ్బా మాట ఉంది.

చుట్టడానికే ఒక పూట పట్టింది. అలుగుకి నూనె రాసి, అట్ట మడిచి ఒరలా కట్టి, పైన తువ్వాలు, దాని పైన సుతిలి. మొన దగ్గర పాత చెప్పు అట్ట ఒక ముక్క పెట్టాను. సంచీ అడుగున పెట్టి, పైన తమ్ముడి ఇంటికి ఆవకాయ సీసా, పిల్లలకి కాజాలు. అబ్బా దుకాణం పాత లైసెన్సు కాగితం జిరాక్సు ఒకటి పర్సులో పెట్టుకున్నాను. చట్టం ప్రకారం దాని అవసరం ఏమీ లేదు, అయినా పెట్టుకున్నాను. మా వాడూ నాతోనే బయలుదేరాడు, వాడి బ్యాగులో బట్టలే.

మా కంకిపాడు ముందు నుంచి పోయే బందరు రోడ్డే అరవై అయిదో నంబరు జాతీయ రహదారి. బందరులో మొదలై బెజవాడ, సూర్యాపేట, హైదరాబాదు మీదుగా పుణె దాకా పోతుంది. గురువారం పొద్దున బెజవాడలో హైదరాబాదు బస్సు ఎక్కాం. నా సంచీ కాళ్ళ దగ్గర పెట్టుకోకుండా కింద డిక్కీలో వేయించాను, చేతికి అందకూడదు గదా. నందిగామ దాటింది, జగ్గయ్యపేట దాటింది. మా వాడు కిటికీ వైపు మొహం పెట్టి, ఫోను చేతిలో తిప్పుతూ కూర్చున్నాడు. గరికపాడు దగ్గర బస్సు నెమ్మదించింది. అక్కడ ఒక కానిస్టేబులు ఎండకి గొడుగు వేసుకుని కుర్చీలో కూర్చుని ఉన్నాడు. అవతలి వైపు నుంచి వచ్చే బళ్ళనే చూస్తున్నాడు, మందు సీసాల కోసం. మా బస్సు వైపు తలెత్తి కూడా చూడలేదు. కోదాడ వచ్చేసింది. నేను పక్కకి తిరిగి చూస్తే మా వాడి చొక్కా వీపంతా తడిసిపోయి ఉంది, ఏసీ బస్సులో.

నేనేమీ అనలేదు. సూర్యాపేటలో దిగి టీ తాగించాను.

ఎల్.బి. నగర్‌లో దిగాక వాడు అలవాటుగా మెట్రో వైపు నడిచాడు. మలక్‌పేట అదే లైను మీద, పది పదిహేను నిమిషాలు. నేను ఆపాను. మెట్రోలో సంచీ మిషన్‌లోంచి పోవాలి. పదునైన వస్తువులు రానివ్వరు, అది వాళ్ళ రూలు, కొట్లాడి లాభం లేదు. విమానంలో కూడా అంతే, చేతి సంచీలో చాకు కాదు గదా కత్తెర కూడా కష్టమే. లగేజీలో వేస్తే పోతుంది. ఆటో మాట్లాడుకున్నాం. ఆటోవాడు తిరుపతి రేటు చెప్పాడు.

తమ్ముడు రాత్రి డ్యూటీ నుంచి వచ్చాక తువ్వాలు విప్పాను. వాడు ఛురీ పట్టుకుని చాలాసేపు పిడి మీద వేళ్ళు పెట్టి చూశాడు. అబ్బా బొటనవేలు ఆనిన చోట చిన్న పల్లం ఉంది, వాడి వేలు అందులో సరిగ్గా కూర్చోలేదు, వాడి చెయ్యి పెద్దది. మర్నాడు జుమా నమాజ్ తర్వాత దగ్గరుండి సాన పట్టించాడు. శనివారం ఖుర్బానీ అయింది. మా వాడు పక్కన నిలబడి మేక కాళ్ళు పట్టుకున్నాడు, తక్బీర్ గొంతు తెరిచి చదివాడు. అబ్బా పేరు మీద ఒక హిస్సా తీశాం. ఛురీ కడిగి ఆరబెట్టింది మా వాడే. కడిగేటప్పుడు, “బరువు ఇంత ఉంటుందనుకోలేదు” అన్నాడు.

ఈమధ్య వాడికి పుణెలో నౌకరీ వచ్చింది. అదే రోడ్డు ఆ చివర. పోయే ముందు ఫోను చేశాడు. “ఫుప్పూ, రూములో వండుకోవాలి. ఇక్కడి నుంచి కూరల చాకు తీసుకెళ్ళొచ్చా? మహారాష్ట్రలో రూలు వేరేనా?” చట్టం అదేనని చెప్పాను. అక్కడ పోలీసు కమిషనర్లు అప్పుడప్పుడు ఆయుధాలు పట్టుకు తిరగొద్దని ఆదేశాలిస్తుంటారు, వాటితో కూరల చాకుకి పని లేదు, అయినా గుడ్డలో చుట్టి సూట్‌కేసు అడుగున పెట్టమన్నాను. కాసేపు ఆలోచించి, “వద్దులే ఫుప్పూ, అక్కడే కొనుక్కుంటా, నలభై రూపాయలే గదా” అన్నాడు.

సరే బేటా అన్నాను.